ఇంగ్లిషు అపక్రమ క్రియల భూతకాల రూపాలు

ఇంగ్లిషులో చాలా క్రియలకు చివర ఇ, డి అక్షరాలు చేరిస్తే భూతకాల రూపం వస్తుంది. వాక్ అనే క్రియ వాక్ట్ అవుతుంది, ప్లే అనేది ప్లేడ్ అవుతుంది. ఈ దారిన నడవని క్రియలను అపక్రమ క్రియలు అంటారు. బడుల్లో ఇర్రెగ్యులర్ వెర్బులన్న పేరే వాడుక. గో–వెంట్, కమ్–కేమ్, బ్రింగ్–బ్రాట్, కట్–కట్ ఈ కోవలోవి. ఉపసర్గలు చేరిన రూపాలను విడిగా లెక్కపెడతారా లేదా అన్నదాన్ని బట్టి వీటి సంఖ్య 150 నుంచి 250 దాకా ఉంటుంది. వేల క్రియలున్న భాషలో ఇది చిన్న భాగమే. కానీ ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పది క్రియలూ, అంటే బీ, హ్యావ్, డూ, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్, అపక్రమాలే. ఈ రూపాలు రాకుండా ఆ భాషలో నాలుగు వాక్యాలు వరసగా చెప్పడం కష్టం.

ఫలానా క్రియకు సరైన భూతకాల రూపం ఏది అన్న ప్రశ్నకు ఒక్క సూత్రంతో జవాబు దొరకదు. క్రియను ఏ అర్థంలో వాడుతున్నాం, వాక్యంలో దాని పని ఏమిటి, ఏ దేశపు ఇంగ్లిషు రాస్తున్నాం అన్నవి చూశాకే రూపం తేలుతుంది. ఆ రూపాలు అలా ఎందుకు ఉన్నాయో తెలియాలంటే భాషా చరిత్ర చూడాలి.

పరిభాష, పరిధి

ప్రతి క్రియకూ మూడు ముఖ్య రూపాలు చెబుతారు. తెలుగు రాష్ట్రాల తరగతి గదుల్లో వీటిని వీ-వన్, వీ-టూ, వీ-త్రీ అంటారు. మొదటిది మూలరూపం, రెండోది భూతకాల రూపం, మూడోది పాస్ట్ పార్టిసిపుల్. ఈ మూడోది హ్యావ్, హ్యాడ్ వంటి సహాయక క్రియల తరవాత, కర్మణి వాక్యాల్లో వస్తుంది. క్రమ క్రియల్లో రెండో, మూడో రూపాలు ఒకటే కాబట్టి పొరపాటుకు తావు తక్కువ. అపక్రమ క్రియల్లో చాలావాటికి ఇవి వేరువేరు: సీ–సా–సీన్, రైట్–రోట్–రిటన్. ఈ వ్యాసంలో ప్రధానంగా రెండో రూపాన్ని, దానితో చిక్కుపడ్డంత మేరకు మూడో రూపాన్ని పరిశీలిస్తున్నాం.

చరిత్ర: బల క్రియలు, బలహీన క్రియలు

5వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా వాడుకలో ఉన్న ప్రాచీన ఇంగ్లిషులో క్రియలు ముఖ్యంగా రెండు తెగలు. ఒక తెగలో ధాతువు మధ్యలోని అచ్చు మారి భూతకాలం ఏర్పడేది. రెండో తెగలో ధాతువు చివర డ లేదా త ధ్వని ఉన్న ప్రత్యయం చేరేది. 1819లో తన జర్మన్ వ్యాకరణం తొలి కూర్పు వెలువరించిన యాకోబ్ గ్రిమ్ మొదటి తెగను బల క్రియలనీ, రెండోదాన్ని బలహీన క్రియలనీ పిలిచాడు. బయటి ప్రత్యయం అవసరం లేకుండా తనలోనే మార్పు చేసుకోగలది బలమైనదని ఆయన ఉద్దేశం. భారతీయ బడుల్లో దశాబ్దాలుగా చదువుతున్న రెన్, మార్టిన్‌ల వ్యాకరణ పుస్తకంలో కూడా ఈ విభజనే కనిపిస్తుంది.

బల క్రియల్లోని అచ్చు మార్పుకు అబ్లౌట్ అని పేరు. ఇది ఇంగ్లిషు సొంతంగా చేసుకున్న ఏర్పాటు కాదు, ఇండో-యూరోపియన్ మూలభాష నుంచి సంక్రమించింది. సంస్కృత వ్యాకరణంలో గుణం, వృద్ధి అని చెప్పే మార్పులకూ మూలం అక్కడే ఉంది. సంస్కృతంలో భృ ధాతువుకు భరతి, బభార అనే రూపాలున్నాయి. ఆ ధాతువుకు తోబుట్టువైన ప్రాచీన ఇంగ్లిషు బెరన్ క్రియకు భూతకాలం బ్యార్. నేటి బేర్–బోర్ జంట దాని నుంచి వచ్చిందే. అలాగే విద్ ధాతువు నుంచి సంస్కృతంలో వేద అనే రూపం ఏర్పడితే, ప్రాచీన ఇంగ్లిషులో విటన్ అనే క్రియకు వాట్ ఏర్పడింది. గుణసంధి చదివిన తెలుగు విద్యార్థికి సింగ్–స్యాంగ్–సంగ్ అనే వరస పూర్తిగా పరాయిది కాదు.

బల క్రియలను ఏడు గణాలుగా విభజిస్తారు. ఈ గణాల్లో చాలావాటిలో భూతకాలానికి ఒకటి కాదు, రెండు అచ్చులుండేవి: ఏకవచనానికి ఒకటి, బహువచనానికి మరొకటి. నేను పాడాను అనడానికి సంగ్ లేదా సాంగ్‌కు దగ్గరి ఉచ్చారణ ఉన్న రూపం, వాళ్ళు పాడారు అనడానికి సుంగన్ అనే రూపం వాడేవారు. మధ్యయుగంలో ఈ వచన భేదం పోయినప్పుడు రెండు అచ్చుల్లో ఒకటే మిగలాల్సి వచ్చింది. సింగ్, డ్రింక్, బిగిన్ వంటి క్రియల్లో ఏకవచన రూపం నెగ్గి స్యాంగ్, డ్ర్యాంక్, బిగ్యాన్ అయింది. స్పిన్, క్లింగ్ వంటివాటిలో రెండో అచ్చు నెగ్గి స్పన్, క్లంగ్ అయింది. ష్రింక్, స్ప్రింగ్, సింక్ క్రియలకు నేటికీ రెండు రకాల భూతకాలాలు వినిపించడానికి కారణం ఈ పాత పోటీయే. వచన భేదం పూర్తిగా నిలిచిన క్రియ ఒక్కటే: వాజ్, వర్. అక్కడ స ధ్వనికి బదులు ర ఎందుకు వచ్చిందో 1870లలో డెన్మార్క్ భాషావేత్త కార్ల్ వెర్నర్ కనుగొన్న ధ్వనిసూత్రం వివరిస్తుంది.

బలహీన క్రియల ప్రత్యయం, చేయడం అనే అర్థమున్న డూ క్రియ నుంచి పుట్టిందని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. 1066 నాటి నార్మన్ విజయం తరవాత ఫ్రెంచి నుంచి వందలాది క్రియలు వచ్చి చేరాయి. అవి దాదాపుగా అన్నీ ఈ ప్రత్యయాన్నే తీసుకున్నాయి. అరువు వచ్చినా అపక్రమమైనవి కొన్నే: ఫ్రెంచి మూలం ఉన్న స్ట్రైవ్‌కు స్ట్రోవ్, క్యాచ్‌కు కాట్ స్థిరపడ్డాయి. టేక్ క్రియ స్కాండినేవియా నుంచి వస్తూ వస్తూ టుక్ అనే రూపాన్ని వెంట తెచ్చుకుంది.

కొత్తగా వచ్చే క్రియలన్నీ క్రమ మార్గం పట్టేసరికి పాత బల క్రియలు కూడా ఒక్కొక్కటే అటు మళ్ళాయి. హెల్ప్‌కు ఒకప్పుడు హోల్ప్, హోల్పన్ అనే రూపాలుండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో హోల్పన్ ఉంది. క్లైమ్, లాఫ్, బేక్, స్టెప్ కూడా మొదట బల క్రియలే. ఎదురు దిక్కున నడిచినవీ ఉన్నాయి. వేర్, రింగ్ క్రియలు ప్రాచీన ఇంగ్లిషులో బలహీన క్రియలు. బేర్, సింగ్ వంటివాటి పోలికతో తరవాత వోర్, ర్యాంగ్ అయ్యాయి. కింగ్ జేమ్స్ బైబిలులో డిగ్ క్రియకు డిగ్డ్ అని ఉంటుంది, నేడు డగ్ తప్ప మరొకటి చెల్లదు. క్రమం నుంచి అపక్రమానికి వెళ్ళినవాటిని చూస్తే, భాష ఎప్పుడూ సులువు వైపే జరుగుతుందన్న నమ్మకం సగమే నిజమని తెలుస్తుంది.

వాడుక తరచుదనం, మనుగడ

ఏవి నిలిచాయి, ఏవి పోయాయి అన్నదానికి బలమైన ఆధారం 2007లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం. ఎరెజ్ లీబర్మన్, జాన్-బాప్టిస్ట్ మిషెల్, వారి సహచరులు ప్రాచీన ఇంగ్లిషులోని 177 అపక్రమ క్రియలను తీసుకుని వాటి జాడ పట్టారు. మధ్యయుగ ఇంగ్లిషు నాటికి వాటిలో 145, నేటి ఇంగ్లిషులో 98 అపక్రమంగా మిగిలాయి. ఎక్కువగా వాడే క్రియ నెమ్మదిగా మారుతుందని, ఆ వేగం వాడుక తరచుదనపు వర్గమూలంతో ముడిపడి ఉందని వారు లెక్క కట్టారు. ఒక క్రియ మరొకదానికన్నా వంద రెట్లు తక్కువగా వాడుకలో ఉంటే అది పది రెట్లు వేగంగా క్రమ మార్గం పడుతుంది. రోజూ నోట నానే రూపాన్ని పిల్లలు వినీ వినీ అలాగే అందుకుంటారు. ఎప్పుడో ఒకసారి వినే రూపం గుర్తుకు రాక, దాని స్థానంలో ప్రత్యయం చేర్చేస్తారు.

రకాలు

ఏ మార్పూ లేనివి ఒక రకం: కట్, పుట్, హిట్, సెట్, షట్, హర్ట్, స్ప్రెడ్. ఇవన్నీ ట లేదా డ ధ్వనితో ముగుస్తాయి. ప్రాచీన ఇంగ్లిషులో సెట్టన్ అనే క్రియకు భూతకాలం సెట్టె. చివరి అచ్చులు రాలిపోయాక రెండూ సెట్ దగ్గరే కలిశాయి. సెండ్–సెంట్, బిల్డ్–బిల్ట్, స్పెండ్–స్పెంట్ వంటివాటిలో చివరి డ ట అయింది.

కీప్–కెప్ట్, ఫీల్–ఫెల్ట్, మీట్–మెట్, ఫీడ్–ఫెడ్ జంటలు చూడటానికి బల క్రియల్లా ఉన్నా నిజానికి బలహీన క్రియలే. మొదట రెండు రూపాల్లోనూ ఒకే దీర్ఘాచ్చు ఉండేది. వెంట జంట హల్లు రావడంతో భూతకాలంలో అది హ్రస్వమైంది. తరవాత 15వ శతాబ్దం నుంచి సాగిన గొప్ప అచ్చు మార్పులో దీర్ఘ ఏకారం ఈకారమైంది. హ్రస్వానికి ఆ మార్పు తగలలేదు. రాతలో చిక్కు తెచ్చేవి ఈ రకంలో రెండు. రీడ్ క్రియకు భూతకాలం పలుకుబడిలో రెడ్, రాతలో మాత్రం మూలరూపమే. దాని పోలికతో లీడ్ భూతకాలాన్ని కూడా మూలరూపంలాగే, అంటే ఎ అక్షరంతో రాయడం ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారిలోనూ తరచుగా కనిపించే తప్పు. సీసం లోహం పేరును కూడా అలాగే రాసి లెడ్ అని పలకడం ఆ పొరపాటుకు తోడ్పడుతోంది. లీడ్ క్రియ భూతకాలాన్ని సరిగ్గా రాస్తే అందులో ఎ ఉండదు.

బ్రాట్, థాట్, బాట్, టాట్ రూపాల్లో రాతలో ఉండి పలకని జి, హెచ్ అక్షరాలు ఒకప్పుడు గొంతులో పలికిన ధ్వనికి గుర్తులు. వేరే ధాతువు నుంచి భూతకాలం తెచ్చుకున్నవి మరో రకం. గో క్రియకు పాత భూతకాలం ఏఓడె. మధ్యయుగంలో దాన్ని తోసిరాజని, వెండ్ అనే వేరే క్రియకు చెందిన వెంట్ ఆ చోటుకు వచ్చింది. తన భూతకాలాన్ని పోగొట్టుకున్న వెండ్ తరవాత వెండెడ్ అనే కొత్త రూపం చేసుకుంది. బీ క్రియలో మూడు వేరువేరు ధాతువులు కలిసి ఉన్నాయి.

అర్థాన్ని బట్టి రెండు రూపాలు

సరైన రూపం ఎంచుకోవడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే క్రియకు రెండు భూతకాలాలుండి, అర్థం మారితే రూపమూ మారేవి ఇంగ్లిషులో చాలానే ఉన్నాయి.

*హ్యాంగ్.* చొక్కా మేకుకు తగిలించినా, పటం గోడకు వేలాడినా భూతకాలం హంగ్. మనిషిని ఉరి తీసినా, మనిషి ఉరి వేసుకున్నా హ్యాంగ్డ్. ప్రాచీన ఇంగ్లిషులో తగిలించడానికి ఒక బల క్రియ, వేలాడటానికి ఒక బలహీన క్రియ ఉండేవి. స్కాండినేవియా నుంచి వచ్చిన మరో క్రియ వాటితో కలిసింది. 16వ శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు మాటలో హంగ్ రూపం తలెత్తి మిగతా అర్థాలన్నిటినీ ఆక్రమించింది. పాత మాటలను వదలని న్యాయస్థానాల భాషలో మాత్రం హ్యాంగ్డ్ నిలిచిపోయింది. మరణశిక్ష ఎలా అమలు చేయాలో చెప్పిన, 2024 దాకా అమల్లో ఉన్న మన 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354వ సెక్షన్‌లోనూ హ్యాంగ్డ్ అనే ఉండేది. ఏ పార్టీకీ మెజారిటీ రాని శాసనసభను తెలుగు పత్రికలు హంగ్ అసెంబ్లీ అంటున్నాయి. అక్కడున్నది ఎటూ తేలక వేలాడుతున్నదన్న అర్థమే కాబట్టి హంగ్ సరైనది. ఉరి వార్తల్లో హంగ్ అని రాస్తే అర్థమవుతుంది గానీ, శైలి గ్రంథాలు దాన్ని అంగీకరించవు.

*లై, లెయ్.* ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లోనే అన్నిటికన్నా ఎక్కువమందిని తికమక పెట్టే జంట ఇది. లై అంటే పడుకోవడం, ఒకచోట పడి ఉండటం. దీనికి కర్మ ఉండదు, రూపాలు లై–లెయ్–లెయిన్. లెయ్ అంటే పెట్టడం, పడుకోబెట్టడం. దీనికి కర్మ తప్పనిసరి, రూపాలు లెయ్–లెయిడ్–లెయిడ్. మొదటి క్రియ భూతకాలమూ రెండో క్రియ మూలరూపమూ ఒకటే కావడం గందరగోళానికి మూలం. అబద్ధమాడటం అనే అర్థమున్న మరో లై కూడా ఉంది. అది క్రమ క్రియ, భూతకాలం లైడ్.

నిన్న మధ్యాహ్నం ఆమె గంటసేపు పడుకుంది అన్నదాన్ని ఇంగ్లిషులో షి లెయ్ డౌన్ ఫర్ యాన్ అవర్ అనాలి. పిల్లవాణ్ని మంచం మీద పడుకోబెట్టింది అన్నప్పుడు షి లెయిడ్ ద చైల్డ్ ఆన్ ద బెడ్ అనాలి. ప్రాచీన ఇంగ్లిషులో లిజన్ అనే బల క్రియ నుంచి ప్రేరణార్థకంగా లెజన్ అనే బలహీన క్రియ పుట్టింది. సిట్–సెట్, రైజ్–రెయిజ్, ఫాల్–ఫెల్ జంటలూ ఇలా ఏర్పడినవే. చెట్టు కూలితే ఫెల్, చెట్టును కూల్చితే ఫెల్డ్. ఇంగ్లిషులో ఈ ప్రేరణార్థక పద్ధతి కొన్ని జంటల్లో శిథిలంగా మిగిలితే, తెలుగులో నేటికీ సజీవంగా ఉంది: పడుకుంది, పడుకోబెట్టింది, కూర్చుంది, కూర్చోబెట్టింది, కూలింది, కూల్చింది. అందువల్ల తెలుగువారికి ఈ జంటను వేరు చేయడం ఇంగ్లిషువారికన్నా సులువు కావాలి. తెలుగు వాక్యంలో పెట్టు అనే క్రియ పడితే ఇంగ్లిషులో లెయిడ్ పడుతుందన్న గుర్తు చాలా సందర్భాలకు సరిపోతుంది. పుస్తకం బల్ల మీద పెట్టాడు అన్నా, కోడి గుడ్డు పెట్టింది అన్నా లెయిడ్. శంకుస్థాపన శిలాఫలకాల మీద కనిపించేదీ ఆ మాటే.

*ఇతరాలు.* షైన్ క్రియకు సూర్యుడు ప్రకాశించిన అర్థంలో షాన్, బూట్లకు మెరుగు పెట్టిన అర్థంలో షైన్డ్. గంట మోగిస్తే ర్యాంగ్, పోలీసులు భవనాన్ని చుట్టుముడితే రింగ్డ్. బట్ట నేస్తే వోవ్, ట్రాఫిక్‌లో బండ్ల మధ్య నుంచి వంకరగా దూసుకుపోతే వీవ్డ్. వస్తువుకు వంద రూపాయలు అయింది అంటే కాస్ట్, ప్రాజెక్టుకు ఎంత ఖర్చవుతుందో అంచనా కడితే కాస్టెడ్. అమెరికా బేస్‌బాల్‌లో బంతి గాల్లోకి కొట్టి అవుటైన ఆటగాడి విషయంలో ఫ్లూ అనరు, ఫ్లైడ్ అవుట్ అంటారు. అక్కడ ఫ్లై అనేది ఎగరడం అనే క్రియ నుంచి నేరుగా రాలేదు. గాల్లోకి లేచిన బంతి అనే నామవాచకం నుంచి తిరిగి పుట్టిన క్రియ అది. నామం నుంచి పుట్టిన క్రియలు మూలధాతువు అపక్రమాన్ని అందుకోవని స్టీవెన్ పింకర్ 1999లో వెలువడిన తన వర్డ్స్ అండ్ రూల్స్ గ్రంథంలో వివరించాడు. రింగ్డ్ కూడా ఈ సూత్రానికి ఒదుగుతుంది.

ఒక క్రియ భూతకాలం మరో క్రియకు మూలరూపంగా కనిపించేవి వేరే సంగతి. ఫైండ్ భూతకాలం ఫౌండ్. స్థాపించడం అనే ఫౌండ్‌కు భూతకాలం ఫౌండెడ్. సంస్థను స్థాపించారనడానికి ఫౌండ్ అని రాస్తే సంస్థ దొరికిందన్న అర్థం వస్తుంది. చుట్టడం అనే వైండ్‌కు వౌండ్, గాయపరచడం అనే వూండ్‌కు వూండెడ్. ఫ్లై–ఫ్లూ–ఫ్లోన్, ఫ్లో–ఫ్లోడ్–ఫ్లోడ్ కూడా కలిసిపోతుంటాయి. చెరువు పొంగి పొర్లితే ఓవర్‌ఫ్లోడ్ తప్ప ఓవర్‌ఫ్లోన్ కాదు.

దేశాన్ని బట్టి భేదాలు

లర్న్, డ్రీమ్, బర్న్, స్పెల్, స్పాయిల్ వంటి క్రియలకు బ్రిటన్‌లో ట ధ్వనితో ముగిసే లర్న్ట్, డ్రెమ్ట్, బర్న్ట్ రూపాలు క్రమ రూపాలతో పాటు చెల్లుతాయి. అమెరికాలో లర్న్డ్, డ్రీమ్డ్, బర్న్డ్ ప్రధానం. అమెరికాలో గెట్‌కు మూడో రూపం గాటెన్. అది బ్రిటన్‌లోనే పుట్టి అక్కడ వాడుక తప్పి సముద్రం అవతల నిలిచిన పాత రూపం. నేటి బ్రిటిష్ ఇంగ్లిషులో గాట్ అంటారు. ఫర్‌గాటెన్‌లో మాత్రం పాత జాడ రెండు చోట్లా ఉంది. డైవ్‌కు అమెరికాలో 19వ శతాబ్దం నుంచి డోవ్ వాడుకలోకి వచ్చింది, బ్రిటన్‌లో డైవ్డ్. స్నీక్‌కు స్నక్ అనే రూపం 19వ శతాబ్దం చివర అమెరికాలో కనిపించింది. చాలాకాలం మోటు మాటగా చూసినా నేడు పెద్ద నిఘంటువులన్నీ దాన్ని నమోదు చేస్తున్నాయి. ప్లీడ్‌కు ప్లెడ్ అనే రూపం అమెరికా, స్కాట్లండ్ న్యాయస్థానాల్లో వినిపిస్తుంది, మిగతా చోట్ల ప్లీడెడ్.

భారతీయ ఇంగ్లిషు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతినే అనుసరిస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెద్దలు లర్న్ట్, గాట్ అంటే అక్కడి బడిలో చదివే పిల్లలు లర్న్డ్, గాటెన్ అంటారు. రెండూ వాటి వాటి చోట సరైనవే. ఒకే రచనలో రెండు పద్ధతులూ కలపకుండా ఉంటే చాలు.

క్రమ క్రియల పలుకుబడి, రాత

క్రమ క్రియలు సులువన్నది రాత వరకే. వాటి ప్రత్యయం మూడు విధాలుగా పలుకుతుంది. క, ప, స, చ వంటి శ్వాస ధ్వనుల తరవాత ట్: వాక్ట్, స్టాప్ట్, వాచ్ట్. అచ్చులు, నాద ధ్వనుల తరవాత డ్: ప్లేడ్, లవ్డ్. ట, డ ధ్వనుల తరవాత మాత్రమే ఇడ్: వాంటిడ్, నీడిడ్. రాసినది రాసినట్టు పలికే లిపికి అలవాటుపడిన తెలుగు విద్యార్థులు టాకెడ్, లవ్వెడ్ అనడం తరచుగా వింటాం. విశేషణాలుగా నిలిచిన కొన్ని మాటల్లో పాత ఇడ్ ఉచ్చారణ బతికే ఉంది. పండితుడనే అర్థంలో లర్నిడ్ అని రెండు అక్షరాలుగా పలుకుతారు. ఈ ప్రత్యయంలో అచ్చు పోవడం మీద 1712లో జోనాథన్ స్విఫ్ట్ గట్టిగా అభ్యంతరం తెలిపాడు. హల్లులు గుద్దుకుని భాష కర్కశమవుతోందని ఆయన బాధ.

రాతలో హల్లు రెట్టింపు కావడం ఊనికను బట్టి ఉంటుంది. ప్రిఫర్‌లో ఊనిక చివర ఉంది కాబట్టి ఆర్ రెట్టింపవుతుంది, విజిట్‌లో మొదట ఉంది కాబట్టి టి రెట్టింపు కాదు. ట్రావెల్‌లో ఊనిక మొదటే ఉన్నా బ్రిటన్ ఎల్‌ను రెట్టింపు చేస్తుంది, అమెరికా చేయదు.

రెండో రూపం, మూడో రూపం

ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడటం 18వ శతాబ్దం దాకా ప్రసిద్ధ రచయితల్లోనూ ఉండేది. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో దాన్ని తప్పుగా ఎత్తిచూపి, మిల్టన్ అంతటివారి వాక్యాలను ఉదాహరణలుగా చూపించాడు. హ్యావ్ తరవాత రోట్ అనకూడదు, రిటన్ అనాలన్న నియమం బడిపుస్తకాల్లో పాతుకుపోవడానికి ఇటువంటి వ్యాకరణాలు కారణం. అది భాషా స్వభావం నుంచి దానంతట వచ్చింది కాదు, పండితులు స్థిరపరచినది. అయినా నేటి ప్రామాణిక రచనలో దానికి మినహాయింపు లేదు.

బేర్ క్రియకు మూడో రూపాలు రెండు. పుట్టాడు అన్న అర్థంలో బార్న్, భరించిన, మోసిన అర్థంలో చివర ఇ అక్షరంతో రాసే బోర్న్. బిడ్ క్రియకు పాత భూతకాలం రాతలో చూస్తే బేడ్ అని పలకబుద్ధి వేస్తుంది, సంప్రదాయ ఉచ్చారణ బ్యాడ్.

పిల్లల భాష, మెదడు పనితీరు

ఇంగ్లిషు మాతృభాషగా నేర్చే పిల్లలు మొదట వెంట్, కేమ్ అని సరిగ్గా అంటారు. కొంతకాలానికి గోడ్, కమ్డ్ అనడం మొదలుపెడతారు. ఆ తరవాత మళ్ళీ సరైన రూపాలకు చేరతారు. మధ్యలో వచ్చే ఈ తప్పు నిజానికి ఎదుగుదల: పిల్లవాడు విన్నది అప్పజెప్పడం నుంచి సూత్రం పట్టుకోవడానికి మారాడని అర్థం. 1958లో జీన్ బెర్కో లేని మాటలు కల్పించి పిల్లల చేత భూతకాలం చెప్పించింది. గ్లింగ్ అనే కల్పిత క్రియకు పిల్లలు ఎక్కువగా గ్లింగ్డ్ అన్నారు, పెద్దల్లో మాత్రం గ్ల్యాంగ్ వంటి రూపాలు కూడా వచ్చాయి. 1992లో గ్యారీ మార్కస్ బృందం పిల్లల సంభాషణలు పరిశీలించి, ఇలాంటి తప్పుల మధ్యస్థ శాతం దాదాపు 2.5 మాత్రమేనని తేల్చింది.

ఈ క్రియలు మెదడు గురించిన పెద్ద వివాదానికీ వేదికయ్యాయి. 1986లో డేవిడ్ రూమెల్‌హార్ట్, జేమ్స్ మెక్‌క్లెలాండ్ సూత్రాలేవీ ఇవ్వకుండా ఉదాహరణల నుంచే భూతకాలం నేర్చుకునే కంప్యూటర్ నమూనా తయారుచేశారు. 1988లో స్టీవెన్ పింకర్, ఆలన్ ప్రిన్స్ దాన్ని తీవ్రంగా విమర్శించారు. క్రమ రూపాలను సూత్రం తయారుచేస్తుందని, అపక్రమ రూపాలు జ్ఞాపకంలో ఉంటాయని పింకర్ వాదం. ఆ వాదం ఇంకా ముగియలేదు.

తెలుగు విద్యార్థి

తెలుగు క్రియల్లోనూ భూతకాలం అంతా ఒకే అచ్చులో లేదు. చేయు–చేశాను, తిను–తిన్నాను, పడు–పడ్డాను అని ధాతువును బట్టి మార్పులు వస్తాయి. రా అని పిలిచి వచ్చాడు అంటాం, పైకి రెండూ వేరువేరు ధాతువుల్లా కనిపిస్తాయి. అయితే తెలుగులో ఆ మార్పులు తక్కువ, పురుష ప్రత్యయాలే ఎక్కువ పని చేస్తాయి.

తెలుగువారి ఇంగ్లిషులో రెండు ఇబ్బందులు ప్రత్యేకంగా కనిపిస్తాయి. ఒకటి చూశాను అన్న ఒక్క మాట ఇంగ్లిషులోని ఐ సా, ఐ హ్యావ్ సీన్ అనే రెండింటికీ సరిపోవడం. దానివల్ల ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే అనే వాక్యం వస్తుంది. నిన్న, పోయిన ఏడాది, పదింటికి అని గడిచిన సమయం చెప్పినప్పుడు రెండో రూపమే వాడాలి. రెండోది డిడ్ నాట్ వెంట్ అనే తప్పు. దీనికి తెలుగు వ్యతిరేక వాక్యంలోనే విరుగుడు ఉంది. వెళ్ళాడు అన్నదానికి వ్యతిరేకం వెళ్ళలేదు, అందులో వెళ్ళ అనే భాగానికి కాలమూ లేదు, పురుషా లేదు. లేదు ఎక్కడ ఉందో అక్కడ డిడ్ నాట్, వెళ్ళ ఎక్కడ ఉందో అక్కడ గో. ఇంగ్లిషులో కాలాన్ని డిడ్ మోస్తోంది కాబట్టి గో దాన్ని మోయనక్కరలేదు. ఈ పోలికను పాఠంలో చేర్చితే ఆ తప్పు తగ్గుతుంది.

గో–వెంట్–గాన్ అంటూ పట్టికను గొంతెత్తి వల్లెవేయడం మన బడుల్లో పాత అలవాటు. సూత్రం లేని రూపాలకు జ్ఞాపకమే ఆధారం కాబట్టి అది నిష్ప్రయోజనం కాదు. కానీ అక్షరక్రమంలో ఉన్న పట్టికకన్నా ఒకేలా మారే క్రియలను ఒకచోట చేర్చిన పట్టిక త్వరగా వంటబడుతుంది: సింగ్, రింగ్, డ్రింక్ ఒక గుంపు, కట్, పుట్, హిట్ ఒక గుంపు, బ్రాట్, థాట్, బాట్ మరో గుంపు.

నేటి మార్పులు, నిఘంటువుల వాడకం

కొత్తగా పుట్టే క్రియలు దాదాపుగా అన్నీ క్రమ క్రియలే: ఈమెయిల్డ్, గూగుల్డ్, ట్వీటెడ్. బ్రాడ్‌క్యాస్ట్, ఫోర్‌క్యాస్ట్ క్రియలకు మార్పు లేని రూపంతో పాటు బ్రాడ్‌క్యాస్టెడ్, ఫోర్‌క్యాస్టెడ్ కూడా చెల్లుతున్నాయి. పెళ్ళాడటం అనే వెడ్ క్రియ వెడెడ్ వైపు జరుగుతుందని 2007 అధ్యయనం అంచనా వేసింది.

సందేహం వచ్చినప్పుడు నిఘంటువును ఎలా చదవాలో తెలిసి ఉండాలి. క్రమ రూపాలను చాలా నిఘంటువులు ఇవ్వవు. మూలరూపం పక్కన ఏమీ లేకపోతే అది ప్రత్యయం చేర్చుకునే క్రియ అని అర్థం. రెండు రూపాలుంటే వాటి మధ్య మాట చూడాలి. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులో ఆర్ అనే మాట ఉంటే రెండూ ఇంచుమించు సమానంగా వాడుకలో ఉన్నట్టు, ఆల్సో అని ఉంటే రెండోది తక్కువ వాడుకలో ఉన్నట్టు. హ్యాంగ్, షైన్ వంటివాటికి ఏ రూపం ఏ అర్థానికో ఆ అర్థం దగ్గరే చెబుతారు కాబట్టి, మొదటి పంక్తి చూసి ఆగకుండా కావలసిన అర్థం దాకా చదవాలి.